గోడకు తీగ కావాలా? పువ్వు కన్నా ముందు పట్టు చూడండి!

అప్పు చేసో, చీటీ పాడో ఎలాగోలా ఇల్లు కట్టుకుంటాం. గృహప్రవేశం అయిపోతుంది, చుట్టాలు వెళ్లిపోతారు. ఆ తర్వాత ఓ సాయంత్రం కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లో కూర్చుంటే ఎదురుగా కనిపించేది ఏమిటి? బోడి గోడ! ఎండకు కళ్లు జిగేల్‌మనిపించే సిమెంటు గోడ. 'దీని మీదకి ఏదైనా తీగ పాకిస్తే ఎంత బాగుంటుంది' అనుకోని గృహిణి ఉంటుందా?

వెంటనే నర్సరీకి బయల్దేరుతాం. గుత్తులు గుత్తులుగా పూసిన తీగ ఏది కనిపిస్తే అది కొనేస్తాం. "ఆర్నెల్లలో గోడంతా కప్పేస్తుందమ్మా" అని నర్సరీ అబ్బాయి భరోసా ఇస్తాడు. తెచ్చి గోడ మొదట్లో పాతేస్తాం. ఆర్నెల్లయ్యాక చూస్తే తీగ నేల మీద కుప్పలా పడి ఉంటుంది, లేకపోతే పక్కింటి జామచెట్టు ఎక్కి కూర్చుంటుంది. మన గోడ మాత్రం ఎప్పటిలాగే బోడిగా ఉంటుంది.

తప్పు తీగది కాదు, మన ఎంపికది. చీర కొనేటప్పుడు రంగొక్కటే చూసి కొనం కదా! ఉతుకుడికి ఆగుతుందా, ఏ కాలంలో కట్టుకుంటాం అని నాలుగు విధాలా ఆలోచిస్తాం. తీగ విషయంలోనూ అంతే. ముందు చూడాల్సింది పువ్వు కాదు, దాని పట్టు. అంటే ఆ తీగ దేన్ని పట్టుకుని, ఎలా పైకి పాకుతుంది అన్నది. ఆ తర్వాత గోడ, ఎండ. పువ్వు అన్నిటికన్నా చివర.

ఈ పాఠం నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. కొత్తగా రంగు వేయించిన గోడకు, చిన్న చిన్న ఆకులతో అంటుకుని పాకే ఫైకస్ తీగ పెట్టాను. రెండేళ్లు తిరిగేసరికి గోడ మీద పచ్చ తివాచీ పరిచినట్టు అయింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మూడో ఏడు పక్కింటావిడ గోడ మీద నుంచి పిలిచి, "వదినగారూ, మీ తీగ బాగానే ఉందండీ. కానీ మా వైపు గోడ కూడా తనదే అనుకుంటోంది" అన్నారు నవ్వుతూనే. వాళ్లమ్మాయి పెళ్లి దగ్గర పడింది, ఇంటికి రంగులు వేయిస్తున్నారు. సరేనని తీగ లాగిస్తే రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. ఊడని చోట జెర్రి కాళ్లలాంటి మచ్చలు మిగిలాయి. గోడ రెండు వైపులా గీకించి, లప్పం పెట్టించి, మళ్లీ రంగు వేయించే ఖర్చు మాదే అయింది. పెళ్లికి పిలిచారు గానీ, ఆ నెల రోజులూ ఆవిడ నాతో ముభావంగానే ఉన్నారు. మీకు ఆ అవస్థ రాకూడదనే ఇదంతా చెబుతున్నాను.

తీగ ఎలా పాకుతుంది?

తీగలన్నీ ఒకేలా పాకవు. ముఖ్యంగా నాలుగు రకాలని గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటి రకం, గోడను అంటుకునేవి. ఫైకస్, మనీప్లాంటు, తమలపాకు ఇలాంటివి. కాండం మీద పుట్టే చిన్న వేళ్లతో గోడనో చెట్టునో పట్టుకుంటాయి. పందిరి, తాడు అవసరం ఉండదు. చార్లెస్ డార్విన్ తీగలు పాకే పద్ధతుల మీద 1865లో పెద్ద పరిశోధనా వ్యాసం ప్రచురించాడు. మనం గోడలకు పెంచే ఈ ఫైకస్ వేళ్ల నుంచి జిగురులాంటి ద్రవం ఊరుతుందని ఆయన గమనించాడు. రంగు పెచ్చులతో సహా ఎందుకు ఊడి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది!

రెండో రకం, చుట్టుకునేవి. శంఖుపూలు, చిక్కుడు, బచ్చలి, కాశీరత్నం లాంటివి. కాండమే తాడునో కర్రనో మెలికలు తిరుగుతూ పైకి వెళుతుంది. నున్నటి గోడ వీటికి పనికిరాదు. చుట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

మూడో రకం, నులితీగలతో పట్టుకునేవి. బీర, కాకర, దొండ, పొట్ల ఇవే. స్ప్రింగులాంటి నులితీగలు సన్నటి దారాన్ని, వలను, పుల్లలను మాత్రమే పట్టుకోగలవు. లావుపాటి పైపు ఇచ్చినా వాటికి పట్టు చిక్కదు.

నాలుగో రకం, ఆనుకునేవి. కాగితం పూలు అని మనం పిలిచే బోగన్‌విల్లియా, రాధామనోహరం ఈ జాతివి. ముళ్లతోనో కొమ్మలతోనో పక్కవాటి మీదకు ఎగబాకుతాయి. వీటిని మనమే కట్టాలి, మనమే దారి చూపాలి. కట్టకపోతే పొదలా పడి ఉంటాయి. సన్నజాజి కొమ్మలు మెలితిరుగుతాయి గానీ, దానికీ పందిరి ఆసరా, మన చేయీ తప్పవు.

నర్సరీలో ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే: "ఇది తనంతట తాను అంటుకుంటుందా? లేక కట్టాలా?"

మీ గోడ ఎటు చూస్తోంది?

ఇక్కడే చాలామంది పొరబడతారు. 'మాది పడమటి గోడ, సాయంత్రం ఎండ బాగా కొడుతుంది' అంటారు. నిజానికి ఇంటికి పడమటి సరిహద్దులో ఉన్న ప్రహరీకి మన వైపు ముఖం తూర్పును చూస్తుంది. కాబట్టి దానికి పడేది పొద్దుటి లేత ఎండ. తూర్పు సరిహద్దు గోడకు మన వైపున మధ్యాహ్నం దాటాక మండుటెండ పడుతుంది. ఉత్తరపు సరిహద్దు గోడకు లోపలి వైపు చలికాలమంతా పగటి ఎండ తగులుతుంది. దక్షిణపు సరిహద్దు గోడకు లోపలి వైపు చలికాలంలో నీడే. కానీ మే మధ్య నుంచి జూలై చివరి వరకు హైదరాబాద్ లాంటి చోట్ల మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందువల్ల ఏడాదంతా నీడగా ఉన్న ఆ గోడకు సరిగ్గా ఎండాకాలంలోనే ఎండ తగులుతుంది. నీడను కోరే మొక్కలు అప్పుడు మాడిపోతాయి.

ఇదంతా లెక్కలు వేసుకోనక్కర్లేదు. ఓ ఆదివారం పొద్దున 8 గంటలకు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు గోడ దగ్గరకు వెళ్లి చూడండి. మూడుసార్లలో రెండుసార్లు ఎండ ఉంటే అది ఎండ గోడ. ఒక్కసారే ఉంటే సగం నీడ. అసలు లేకపోతే నీడ గోడ. ఇంటి నీడ, పక్కవాళ్ల మేడ నీడ కూడా అందులోనే తేలిపోతాయి.

గోడ బలమెంత?

కొన్నిచోట్ల ప్రహరీలను స్తంభాల మధ్య నాలుగున్నర అంగుళాల మందంతో, అంటే సగం ఇటుకతోనే కట్టేస్తారు. అలాంటి గోడ మీద పదేళ్ల రాధామనోహరం పరుచుకుందనుకోండి, గాలివాన వచ్చినప్పుడు ఆ పచ్చదనమంతా తెరచాపలా గాలిని పట్టేస్తుంది. సన్నటి గోడకు ఆ బరువు, ఆ ఊపు మంచివి కావు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును చూసిన విశాఖవాసులకు గాలి ఏం చేయగలదో వేరే చెప్పక్కర్లేదు. కోస్తాలో ఉండేవాళ్లు సెప్టెంబరులోనే తీగలను సగానికి కత్తిరించుకోవడం మంచిది.

గోడకు పగుళ్లున్నాయా? ప్లాస్టరింగు డొల్లగా మోగుతోందా? అలాంటి దానికి అంటుకునే రకం పెట్టకండి. వేళ్లు పగుళ్లలోకి దూరతాయి. ముందు గోడ బాగు చేయించాకే తీగ మాట.

ఇంకో సంగతి. గోడ ఉమ్మడిదా, మీ సొంతమా? ఉమ్మడిదైతే పక్కింటివాళ్లతో ఒక్క మాట ముందే చెప్పండి. 'పిన్నిగారూ, తీగ పెడుతున్నాం, మీ వైపు వస్తే కత్తిరించేస్తాం' అని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. తీగలు పాకే వేగం కన్నా తగాదాలు పాకే వేగం ఎక్కువ!

ఏ గోడకు ఏ తీగ?

రాధామనోహరం: ఎండ గోడకు, గట్టి గోడకు బాగుంటుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకు, ఆ పైన ఎరుపుకు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు! రాత్రిపూట పరిమళం వాకిలంతా నిండిపోతుంది. అయితే ఇది మహా జోరుగా పెరిగే తీగ. పది పన్నెండు అడుగుల గోడకు ఒక్క మొక్క చాలు. రెండు పెట్టారంటే అడవే. ఆకు రాలిపోయాక కాడ మొదలు ముల్లులా గట్టిపడి మిగిలిపోతుంది, కత్తిరించేటప్పుడు చేతులు జాగ్రత్త.

బోగన్‌విల్లియా: రోజుకు ఐదారు గంటలైనా ఎండ పడాలి. రంగురంగులుగా కనిపించేవి నిజానికి పూలు కావు, ఆకులే. వాటి మధ్యన ఉండే చిన్న తెల్లటి గొట్టాలే అసలు పూలు. వేరు నిలదొక్కుకున్నాక నీళ్లు ఎక్కువ పోస్తే ఆకులే వస్తాయి, పూత తగ్గుతుంది. రోజూ నీళ్లు పోసే తీరిక లేనివారికి ఇంతకన్నా మంచి తీగ లేదు. వీధి వైపు గోడకైతే దీని ముళ్లే కాపలా. పిల్లలు ఆడుకునే చోట మాత్రం వద్దు.

సన్నజాజి: జడలోకి, పూజలోకి పూలు కావాలంటే ఇదే. ఎండ, పందిరి రెండూ కావాలి. చలికాలంలో కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే కొత్త చిగుళ్ల మీద మొగ్గలు వస్తాయి. జాలిపడి కత్తిరించకుండా వదిలేస్తే తీగ ముదిరిపోయి పూత తగ్గిపోతుంది. గోడ పూర్తిగా కప్పాలంటే మాత్రం ఇది చాలదు. కింది భాగం బోసిగా ఉంటుంది.

శంఖుపూలు: అద్దె ఇంట్లో ఉన్నారా? మేకు కొడితే ఇంటివాళ్లు ఊరుకోరా? ఇది మీ తీగ. గింజలను రాత్రంతా నానబెట్టి వానాకాలం మొదట్లో నాటండి. రెండు కర్రల మధ్య నాలుగు తాళ్లు కడితే వాటినే చుట్టుకుని పోతుంది. రెండు నెలలు దాటేసరికి నీలం పూలో తెల్ల పూలో పూజగదికి వస్తుంటాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎండిన కాయలు నాలుగు పొట్లం కట్టుకుంటే, తోట మీ వెంటే వస్తుంది.

కాశీరత్నం: ఈకల్లాంటి సన్నటి ఆకులు, నక్షత్రాల్లా ఎర్రటి చిన్న పూలు. వానాకాలంలో మొలిచి కొన్ని నెలలు కనువిందు చేసి ఎండిపోతుంది. రాలిన గింజలు మళ్లీ ఏడు వాటంతటవే మొలుస్తాయి. పెద్ద తీగ ఎదిగేలోపు ఖాళీని కప్పడానికి బాగా పనికొస్తుంది.

మనీప్లాంటు, తమలపాకు: నీడ గోడకు, బావి దగ్గర, నీళ్ల తొట్టె దగ్గర పెంచుకోవచ్చు. మనీప్లాంటు పైకి పాకేకొద్దీ ఆకులు పెద్దవవుతాయి. దీని ఆకు నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి, అందుకే పాకే పిల్లలున్న ఇంట్లో అందకుండా చూసుకోవాలి. తమలపాకుకు నీడతో పాటు ఎప్పుడూ తడి ఉండాలి, కానీ నీరు నిలవకూడదు. వేడిగాలి కొడితే తట్టుకోలేదు.

ఫైకస్: నన్ను ఇబ్బంది పెట్టింది కదా అని దీన్ని తీసిపారేయను. రంగు వేయని రాతి గోడకు, మీ సొంత గోడకు ఇంతకన్నా చక్కగా కప్పేది లేదు. ఏడాదికి మూడు నాలుగుసార్లు కత్తిరించే ఓపిక ఉండాలి. వదిలేస్తే లావుపాటి కొమ్మలు, పెద్ద ఆకులు బయటికి పొడుచుకొస్తాయి. ఇంటి గోడకు, కిటికీల చుట్టూ మాత్రం పెట్టకండి.

కర్టెన్ క్రీపర్: ఇది పైకి పాకేది కాదు, కిందికి వేలాడేది. గోడ మీదో, మేడ పిట్టగోడ మీదో తొట్టెలో పెడితే పచ్చటి తెరలా జారుతుంది. గోడను అంటుకోదు కాబట్టి రంగుకు ఇబ్బంది లేదు.

ఊదా రంగు పూలతో కంచెల మీదా రైలు పట్టాల పక్కనా కనిపించే రైల్వే తీగను మాత్రం కొమ్మ విరిచి తెచ్చుకోకండి. తేలిగ్గా బతుకుతుంది కానీ, తర్వాత వదిలించుకోవడం మీ తరం కాదు.

కూర కూడా కాసే గోడ

'పూలేం చేసుకుంటాం, కూర కాస్తే బాగుండు' అనే అత్తగారు ఉన్నారా? ఆవిడ మాటా కాదనలేం. గోడకు వల కట్టి చిక్కుడు పెట్టండి. తొలకరిలో గింజ వేస్తే చలికాలంలో కాపుకొస్తుంది. సంక్రాంతికి కూర, రథసప్తమికి చిక్కుడుకాయల రథం, పరమాన్నం పెట్టడానికి చిక్కుడాకులు, అన్నీ ఇంట్లోవే! పేనుబంక పడితే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రంపూట పిచికారీ చేయండి.

దొండను గింజతో కాదు, కాపు కాసే తీగ నుంచి తెచ్చిన ముక్కతో నాటాలి. ఒకసారి కుదురుకుంటే ఏళ్ల తరబడి కాస్తుంది. తీగ బచ్చలైతే కూరల బజారు నుంచి తెచ్చిన కాడ గుచ్చినా బతుకుతుంది, కాస్త నీడనూ తట్టుకుంటుంది. బీర, కాకర మూడు నాలుగు నెలల ముచ్చట. కాపు అయిపోగానే గోడ మళ్లీ బోడి అవుతుందని గుర్తుంచుకోండి.

నాటే పద్ధతి

తొలకరి వానలు పడ్డాక, జూన్ జూలైలలో నాటితే మొక్క తేలిగ్గా నిలదొక్కుకుంటుంది. గోడను ఆనించి గుంత తీయకండి. అక్కడ పునాది సిమెంటు, ఇటుక ముక్కలే ఉంటాయి. గోడకు అడుగు దూరంలో అడుగున్నర లోతు గుంత తీసి, రాళ్లు ఏరేసి, మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. మొక్కను గోడ వైపు కాస్త వంచి నాటి, పుల్ల ఊతం ఇవ్వండి.

అంటుకోని తీగలకు ఆసరా కావాలి. గోడకు కొక్కేలు బిగించి, రెండు మూడు అంగుళాల ఎడంతో జి.ఐ. వైరు అడ్డంగా నిలువుగా లాగండి. ఆ ఎడం వల్ల గాలి ఆడుతుంది, గోడ చెమ్మ పట్టదు. వల చట్రాన్ని కొక్కేలకు తగిలించుకునేలా చేయిస్తే ఇంకా మేలు. రంగులు వేయించేటప్పుడు తీగతో సహా దింపి, మళ్లీ తగిలించుకోవచ్చు. కొమ్మలు కట్టడానికి వైరు వాడకండి, కోసుకుపోతుంది. పాత నూలు చీర పీలికలతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి.

వాకిలంతా సిమెంటు చేసేశారా? పెద్ద కుండీలో, కోసిన డ్రమ్ములో బోగన్‌విల్లియా, శంఖుపూలు, సన్నజాజి హాయిగా పెరుగుతాయి.

పాములొస్తాయా?

ఇంట్లో మగవాళ్లు ముందు వేసే ప్రశ్న ఇదే. పాము పువ్వు కోసం రాదు. ఎలుక కోసమో, కప్ప కోసమో వస్తుంది, దాక్కోవడానికి చోటు చూసుకుంటుంది. తీగ మొదట్లో అడుగు ఎత్తు వరకు ఆకులు, కొమ్మలు తీసేసి నేల కనిపించేలా ఉంచండి. రాలిన ఆకులు, పాత ఇటుకలు, కొబ్బరి డొక్కలు గోడ వార పోగేయకండి. దీపం పెట్టాక తీగలో చేయి పెట్టి పూలు కోయకండి.

నెలకోసారి ఆకులు తప్పించి గోడను చూడండి. పిట్టలు వేసిన విత్తనాల వల్ల రావి, మర్రి మొక్కలు గోడ సందుల్లో మొలుస్తుంటాయి. బోడి గోడకైతే వెంటనే కనిపిస్తాయి. తీగ చాటున ఉంటే వేలు లావయ్యాక గానీ తెలియదు. రెండాకుల మొక్కగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసేయాలి.

కొనే ముందు ఒక్కసారి

* గోడకు ఎండ ఎంతసేపు? మూడు పూటలా చూశారా?
* గోడ మందం ఎంత? పగుళ్లున్నాయా? రంగు ఎప్పుడు వేయించాలి?
* గోడ సొంతమా, ఉమ్మడా? పక్కవాళ్లతో మాట్లాడారా?
* తీగ తనంతట అంటుకునేదా, కట్టాల్సిందా?
* కత్తిరించే ఓపిక మీకుందా? లేకపోతే జోరుగా పెరిగే తీగ జోలికి వెళ్లకండి.
* నాలుగు రకాలు కలిపి కొనకండి. బలమైనది మిగతావాటిని మింగేస్తుంది. ఒక గోడకు ఒక తీగ, కుదురుకునేదాకా పక్కన ఒక కాశీరత్నం చాలు.

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికాక, మిగిలిన రెండు మూడు తీగల్లో మీకు నచ్చిన పువ్వును హాయిగా ఎంచుకోండి. మా గోడకు ఇప్పుడు కొక్కేల మీద వల, వల మీద సన్నజాజి. వేసవిలో అవతలి వైపుకు వంగిన కొమ్మలను కత్తిరించబోతే పక్కింటావిడే వారించారు. "ఉండనీయండి వదినగారూ, ఈ నాలుగు పూలూ నాకు" అని. గోడకు రెండో వైపు కూడా సంతోషంగా ఉంటేనే కదండీ, తీగ పెట్టిన ఫలం!